తిరుపతిలో పాత యుద్ధ హెల్మెట్ల అంగడి: కింది అర చూడండి, అద్దాల బీరువా వదిలేయండి

రేణిగుంట రోడ్డు వైపు పాత ఇనుము, పాత ఇత్తడి, తూకానికి పుస్తకాలు అమ్మే వరుసలో ఒక అంగట్లో యుద్ధకాలపు హెల్మెట్లు దొరుకుతున్నాయి. పేరు అడగొద్దు. బోర్డు మీద ‘పాత సామాన్లు కొనబడును, అమ్మబడును’ అని తప్ప ఇంకో ముక్క లేదు. హెల్మెట్లతో పాటు కిట్ బ్యాగులు, దిక్సూచులు, బ్యాడ్జీలు, గ్యాస్ మాస్కులు, తూటాల ఖాళీ గొట్టాలు కూడా పెట్టారు. ఐదుకు మూడు మార్కులు వేయొచ్చు. ఆ మూడూ తలుపు పక్కన నేల మీదున్న ఇనుప అరకే. లోపలున్న అద్దాల బీరువాకు సున్నా.

సరుకు మూడు చోట్ల ఉంటుంది. కింది అరలో దుమ్ము పట్టిన బ్రిటిష్ హెల్మెట్లు, గోడ మేకులకు అమెరికన్‌వి, బీరువాలో జర్మన్, జపాన్‌వి. ధర ఈ వరుసలోనే పెరుగుతుంది, నమ్మకం ఇదే వరుసలో తగ్గుతుంది. కింది అరలో లైనర్‌తో (తలకు ఆనే లోపలి కూర్పుతో) ఉన్న బ్రిటిష్ హెల్మెట్‌కు అయిదారు వేలు చెప్తారు, బేరం ఆడితే కొంత దిగుతారు. బీరువాలోదానికి ముప్పై వేలతో మాట మొదలవుతుంది.

వెళ్లేటప్పుడు జేబులో నాలుగు వస్తువులు ఉండాలి: దారానికి కట్టిన చిన్న అయస్కాంతం, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, 365 నానోమీటర్ల యూవీ టార్చి, దర్జీ టేపు. తూకం యంత్రం అంగట్లోనే ఉంది, ఇనుము తూచేది. ఇవి బయటికి తీస్తే యజమాని మొహం మాడ్చుకోడు, అది మెచ్చుకోవాల్సిన సంగతి. లైనర్ విప్పుతానంటే మాత్రం కింది అర సరుకుకే ఒప్పుకుంటాడు. బీరువాలోవి విప్పనివ్వడు. ఈ ఒక్క తేడాతోనే చాలావరకు అర్థమైపోవాలి.

ముందు కింది అర. ఇక్కడ ఎక్కువగా ఉన్నవి బ్రిటిష్ మార్క్ 2 హెల్మెట్లు, పళ్లెం బోర్లించినట్టుండేవి. ఈ ఆకారానికి మూలం జాన్ లియోపోల్డ్ బ్రాడీ 1915లో పేటెంట్ తీసుకున్న నమూనా. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన మార్క్ 1కూ, 1938 నుంచి వచ్చిన మార్క్ 2కూ పైనుంచి చూస్తే తేడా తెలియదు, తిప్పి చూడాలి. మార్క్ 1లో లోపలి లైనర్ నెత్తి మీద ఒకే రివెట్‌తో బిగించి ఉంటుంది, గడ్డం పట్టీ తోలుది. మార్క్ 2లో లైనర్‌ను నెత్తి దగ్గర ఒక మర, నట్టు పట్టుకుని ఉంటాయి. పట్టీ సాగే నేతది. మార్క్ 1 షెల్‌కే (పైనున్న ఉక్కు చిప్పకే) 1930ల చివర్లో కొత్త లైనర్, కొత్త పట్టీ వేసి మళ్లీ ఇచ్చినవి ఉన్నాయి. వాటిని మార్క్ 1 స్టార్ అంటారు. మొదటి యుద్ధపు షెల్‌లో రెండో యుద్ధపు లైనర్ కనబడగానే ‘అతుకుల బొంత’ అని పక్కన పెట్టేయకండి, లైనర్ మీది తేదీ చూడండి.

అయస్కాంతం పని ఇక్కడే. ఈ షెల్స్ హాడ్‌ఫీల్డ్ ఉక్కుతో చేసినవి. అందులో మాంగనీసు 12 శాతం దాకా ఉంటుంది, అందువల్ల అయస్కాంతాన్ని పట్టుకోదు. దారానికి వేలాడే అయస్కాంతాన్ని నెత్తి భాగం దగ్గరికి తెండి. అది కదలకుండా ఉంటే, లేదా చాలా మెల్లగా వంగితే మంచి గుర్తు. ఆ కొంచెం లాగుడు ఎందుకంటే, కాల్చినప్పుడు ఉక్కు పైపొరలో కర్బనం తగ్గి అక్కడ అయస్కాంత గుణం కాస్త వస్తుంది. టక్కున అతుక్కుంటే అది మెత్తటి ఇనుము. అంచుకు, రివెట్లకు, కొక్కాలకు వేరే లోహం వాడారు కాబట్టి అక్కడ పరీక్షించి తీర్పు చెప్పకండి. మార్క్ 1 అంచు మెత్తటి ఇనుముదే, అతుక్కోవడం సహజం.

మెత్తటి ఇనుము అయినంత మాత్రాన నకిలీ అనడానికీ లేదు. తూటా పరీక్షలో నిలవని తక్కువ రకం షెల్స్‌ను బ్రిటన్‌లో పడేయకుండా పౌర రక్షణ దళాలకు ఇచ్చారు. వాటికి గుర్తుగా అంచులో చిన్న చిల్లులు పొడిచారు. అంచులో చిల్లులు కనబడితే, అయస్కాంతం అతుక్కుంటే, రెండూ కలిసి ఒకే మాట చెబుతున్నాయి: అసలుదే, కాని ముందువరస సైనికుడిది కాదు. ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. దక్షిణాఫ్రికాలో చేసిన మార్క్ 2లకు వెనకవైపు అంచులో మూడు చిల్లులు ఉంటాయి, మెడ మీదికి ఎండ గుడ్డ కట్టుకోవడానికి. అవి మంచి రకం షెల్స్. చిల్లులు వెనకవైపే వరుసగా మూడున్నాయా, వేరే చోట ఉన్నాయా అన్నది చూసుకోకపోతే మంచిదాన్ని వదిలేసి చవకదాన్ని కొంటారు. ఈ అంగట్లో రెండు రకాలకూ ఒకటే ధర చెప్తున్నారు, అంటే యజమానికీ ఆ తేడా తెలియదు. తెలిసినవాళ్లకు అది లాభమే.

చేసిన కంపెనీల ముద్రలు గడ్డం పట్టీ కొక్కెం దగ్గర అంచు లోపలివైపు ఉంటాయి. రంగు కింద కప్పబడి ఉండొచ్చు, ఫోన్ టార్చి వెలుగును అడ్డంగా పడేస్తే లేస్తాయి. బి.ఎం.బి. అంటే బ్రిగ్స్ మోటర్ బాడీస్, జె.ఎస్.ఎస్. అంటే జోసెఫ్ శాంకీ, ఆర్.ఓ.కో. అంటే రూబరీ ఓవెన్, డబ్ల్యూ.డి. అంటే విలియం డాబ్సన్, హెచ్.బి.హెచ్. అంటే హారిసన్ బ్రదర్స్ అండ్ హౌసన్. జి.ఎస్.డబ్ల్యూ. కెనడాది. సంవత్సరం పక్కనే ఉంటుంది. డబ్ల్యూ.డి. చూసి ‘వార్ డిపార్ట్‌మెంట్’ అని చదివి ధర పెంచేవాళ్లు ఉన్నారు, కంగారు పడకండి. లైనర్ పట్టీ మీద సైజు, సంవత్సరం, చేసినవాళ్ల ముద్ర వేరుగా ఉంటాయి. టి.టి.సి. అని కనబడితే అది టెడ్డీ టాయ్ కంపెనీ. పిల్లల ఎలుగుబంటి బొమ్మలు కుట్టినవాళ్లే యుద్ధంలో హెల్మెట్ లైనర్లు కుట్టారు. షెల్‌కూ లైనర్‌కూ ఒకటి రెండేళ్ల తేడా మామూలే, పదేళ్ల తేడా ఉంటే మార్చారని అర్థం. మార్చడం తప్పు కాదు, మార్చని ధర అడగడం తప్పు.

రంగు పొరల గురించి ఓపిగ్గా చూడాలి. ఈ హెల్మెట్లు యుద్ధం తర్వాత కూడా మన దేశంలో చాలా ఏళ్లు వాడకంలో ఉన్నాయి, మళ్లీ మళ్లీ రంగు వేశారు. పైన ముదురు ఆకుపచ్చ, దాని కింద ఇసుక రంగు, ఇంకా కింద మొదటి ఖాకీ ఆకుపచ్చ కనబడితే అది చరిత్ర. పెచ్చు లేచిన చోట అంచుల్ని భూతద్దంలో చూడండి. పాత పొరల అంచు అరిగి, గుండ్రంగా, మురికి పట్టి ఉంటుంది. మొన్న గీసి లేపిన పొర అంచు పదునుగా, కింద ఉక్కు మెరుస్తూ ఉంటుంది. గరుకు కాగితంతో అరగదీసి కావాలని ‘పాతది’ చేసినవాటిలో గీతలన్నీ ఒకే దిశలో పోతాయి. నిజంగా వాడితే గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి, ఎక్కువ అరుగుదల నేల మీద పెట్టినప్పుడు ఆనే అంచు మీద ఉంటుంది.

తెల్ల రంగులో డబ్ల్యూ అక్షరం రాసినవి కింది అరలోనే కొన్ని ఉన్నాయి. డబ్ల్యూ అంటే వైమానిక దాడుల వార్డెన్. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి, మద్రాసు రాష్ట్రమంతటా అప్పట్లో వైమానిక దాడుల జాగ్రత్తలు నడిచాయి, అప్పుడు చిత్తూరు జిల్లా కూడా ఆ రాష్ట్రంలోదే. కాబట్టి ఇలాంటి హెల్మెట్ ఇక్కడ దొరకడంలో వింత లేదు. ఒక అక్షరం రాయడం మాత్రం ఐదు నిమిషాల పని. అక్షరం మీది గీతలు కింది రంగులోకి కూడా దిగి ఉన్నాయా, లేక కింది రంగు మీది పాత గీతల మీదుగా తెల్ల రంగు పారిందా చూడండి. రెండోదైతే అక్షరం తర్వాత రాసింది.

దీనికంటే ఖరీదైన మాయ రెజిమెంటు గుర్తులది. ఎర్ర గద్ద బొమ్మ వేస్తే నాలుగో భారత డివిజన్, నల్ల పిల్లి వేస్తే పదిహేడో డివిజన్, బాణం వేస్తే ఏడో డివిజన్. ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, బర్మా అని కథ కూడా దాంతో వస్తుంది. ఒక హెల్మెట్ మీద సిక్కు రెజిమెంటు పేరు రాసి, రెట్టింపు ధర అడుగుతున్నారు. సిక్కు సైనికులు తలపాగా మీద ఉక్కు హెల్మెట్ పెట్టుకోవడానికి ఒప్పుకోలేదన్నది రెండు యుద్ధాల్లోనూ తెలిసిన సంగతే. 11వ సిక్కు రెజిమెంటులో పంజాబీ ముస్లింలు కూడా ఉన్నారు కాబట్టి అసాధ్యమని అనలేం. కాని రుజువు లేకుండా ఆ రాతకు రూపాయి కూడా ఎక్కువ ఇవ్వాల్సిన పని లేదు. షెల్‌కు ఎంతో అంతే.

అరలో వెనక్కి నెట్టేసిన తాబేలు చిప్ప ఆకారం హెల్మెట్లు కొన్ని ఉన్నాయి, వాటి మీద యజమానికి ఆసక్తి లేదు. అవి మార్క్ 3, మార్క్ 4. మార్క్ 3 1944లో ఫ్రాన్స్ తీరం నార్మండీలో దిగిన బ్రిటిష్, కెనడా బలగాల తల మీద కనబడింది. మార్క్ 4లో పట్టీ రివెట్లు అంచుకు దగ్గరగా దిగాయి, లైనర్ ఒక్క గుంజుతో ఊడి వచ్చేట్టు నొక్కుడు గుండీ పెట్టారు, షెల్‌ను నీళ్లు పట్టుకోవడానికి వాడుకోవచ్చని. రివెట్ ఎత్తులో ఉంటే మార్క్ 3, కిందుంటే మార్క్ 4. ఇవే ఈ అంగట్లో చవక బేరం. వీటి పక్కనే తేలికైన ఫైబర్‌గ్లాస్ హెల్మెట్లు కూడా ‘యుద్ధానివి’ అని పెట్టారు. అవి 1970ల తర్వాత మన సైన్యంలోకి వచ్చిన రకం. వేలితో తడితే లోహపు మోత రాదు. వేరుగా సేకరించేవాళ్లు ఉన్నారు గాని రెండో ప్రపంచ యుద్ధానికీ వాటికీ సంబంధం లేదు.

గోడ మీది అమెరికన్ ఎం1 హెల్మెట్ల సంగతి కొంచెం తెలివిగా చూడాలి. 1941లో తీసుకొచ్చిన ఈ హెల్మెట్ రెండో యుద్ధంలో రెండు కోట్లకు పైగా తయారైంది. కాబట్టి అసలువి అరుదేం కాదు. చిక్కంతా యుద్ధానంతరపు నకళ్లతో. బెల్జియం, నెదర్లాండ్స్, ఆస్ట్రియా వంటి దేశాలు 1950ల నుంచి అచ్చం ఇలాంటివే చేసుకున్నాయి, వాటిని ‘నార్మండీ హెల్మెట్’ అని అమ్మడం ప్రపంచమంతా నడిచే దందా.

వరుసగా చూడాల్సినవి ఇవి. ముందువైపు టోపీ మూతి లోపల ఉక్కు ఏ పోతదో చెప్పే ముద్ర అంకెలు ఉండాలి, మూడు నాలుగు అంకెలు, కొన్నిసార్లు పక్కన ఒక అక్షరం. మెకార్డ్ కంపెనీవి అలాగే ఉంటాయి, ష్లూటర్ కంపెనీవైతే అంకెల పైన ఎస్ అక్షరం ఉంటుంది. తర్వాత అంచు చుట్టూ ఉన్న పట్టీ ఎక్కడ కలిసిందో చూడండి. 1944 చివరిదాకా అతుకు ముందు, ఆ తర్వాత వెనక. తర్వాత పట్టీ తగిలించే ఉంగరాలు. 1943 చివరిదాకా అవి షెల్‌కు కదలకుండా అతికి ఉండేవి. అలా ఉన్నవి దెబ్బ తగిలితే విరిగేవి కాబట్టి తర్వాత ఇటూ అటూ తిరిగే ఉంగరాలు పెట్టారు. ముందు అతుకు, కదలని ఉంగరాలు రెండూ ఉంటే యుద్ధం మొదటి భాగంలోది. వెనక అతుకు, కదిలే ఉంగరాలు ఉంటే 1944 చివర నుంచి ఎప్పటిదైనా కావచ్చు, వియత్నాం కాలానిదైనా కావచ్చు. వెనక అతుకుతో కదలని ఉంగరాలు వచ్చాయంటే ఎవరో అతికించారు. యుద్ధకాలపు పట్టీ ఉంగరానికి కుట్టి ఉంటుంది, తర్వాతి కాలానిది క్లిప్పుతో తగిలిస్తారు. పైన గరుకు కోసం యుద్ధంలో బెరడు పొడి కలిపారు, తర్వాత ఇసుక. బెరడు గరుకు వేలికి మెత్తగా, ఎగుడుదిగుడుగా తగులుతుంది. ఇసుకది సన్నగా, ఒకే తీరుగా గీసుకుంటుంది.

ఇక్కడి గోడ మీద వేలాడేవాటిలో వెనక అతుకువే ఎక్కువ, అన్నింటినీ ‘బర్మా రోడ్డుది’ అనే అమ్ముతున్నారు. లోపలి ప్లాస్టిక్ లైనర్లు మాత్రం బాగున్నాయి. నెత్తి భాగం లోపల ఫైర్‌స్టోన్, వెస్టింగ్‌హౌస్, ఇన్లాండ్ ముద్రలు చూసి లైనర్ ఒక్కటే అడిగినా ఇస్తారు.

ఇక అద్దాల బీరువా. జర్మన్ హెల్మెట్లలో మూడు ముఖ్యమైన రకాలు. 1935 నమూనాకు గాలి చిల్లులో విడిగా బిగించిన చిన్న రింగు, అంచు లోపలికి మడిచి ఉంటుంది. 1940 నమూనాకు గాలి చిల్లు షెల్‌లోనే నొక్కి చేసింది, అంచు మడిచే ఉంటుంది. 1942 నమూనాకు అంచు మడత లేదు, బయటికి విచ్చుకుని పదునుగా ఉంటుంది. ఖర్చు, సమయం తగ్గించుకోవడానికి దిగిన మెట్లు ఇవి. ఉక్కు అయస్కాంతానికి అతుక్కుంటుంది, అతుక్కోవాలి కూడా. బ్రిటిష్ లెక్క ఇక్కడ వాడకూడదు.

చెవి మీది పక్క లోపల అక్షరాలు, సైజు అంకె ఉంటాయి: ఇ.టి. అంటే థాలే ఊరి కర్మాగారం, క్యూ అంటే క్విస్ట్ కంపెనీ, ఎన్.ఎస్., ఇ.ఎఫ్., ఎస్.ఇ. ఇంకో మూడు కర్మాగారాలవి. యుద్ధం ముదిరాక ఇ.టి. బదులు సి.కె.ఎల్., ఎస్.ఇ. బదులు హెచ్.కె.పి. అని కోడ్ వేశారు. వెనక మెడ లోపల లాట్ నంబరు వేరే ఉంటుంది. సైజు 64 అంటే షెల్ లోపలి చుట్టుకొలత 64 సెంటీమీటర్లు, అందులో 56 లేదా 57 తలకు సరిపడే లైనర్ కూర్చుంటుంది. దర్జీ టేపు లోపల తిప్పి చూడండి. ముద్ర 64 అని, కొలత 66 అని వస్తే ముద్ర తర్వాత కొట్టిందే. ఇక్కడ టేపు తిప్పనిచ్చిన ఒక్కటీ కొలతలో నిలవలేదు.

అసలు డబ్బు రెండు పక్కల అతికించే గుర్తుల్లో ఉంది. మూడు రంగుల కవచం గుర్తును 1940లో, గద్ద గుర్తును 1943లో ఆపేశారు. 1942 నమూనా అంచు విచ్చుకున్న షెల్ మీద రెండు పక్కలా రెండు గుర్తులు మెరుస్తూ ఉంటే ఆ లెక్క కుదరదు. బీరువాలో సరిగ్గా అలాంటిదే నడిమధ్యలో పెట్టి, అన్నింటికంటే ఎక్కువ ధర రాశారు. భూతద్దంలో చూస్తే గుర్తు రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది, అంటే కంప్యూటర్ ప్రింటర్‌లో అచ్చువేసింది. పాత గుర్తులు గట్టి రంగు పొరలు, వాటిలో పడిన బీటలు కింది రంగులోని బీటలతో కలిసి పోతాయి. రెండు మెరుపు గీతల ఎస్.ఎస్. (నాజీ పార్టీ సాయుధ దళం) గుర్తు ఉన్నవైతే ప్రపంచంలో ఎక్కువగా నకలు చేసే సరుకు. ఏ అంగట్లో కనబడినా నకిలీ అనుకునే మొదలుపెట్టాలి.

స్పెయిన్ సైన్యం వాడిన హెల్మెట్ జర్మన్ 1935 నమూనాకు దగ్గరగా ఉంటుంది. దాని నుదుటి మీద గుర్తు తగిలించే చిన్న బ్రాకెట్ ఉంటుంది. బ్రాకెట్ కోసేసి, పుట్టీ పూసి, బూడిద రంగు కొట్టి జర్మన్‌ది చేస్తారు. లోపలివైపు నుదురు దగ్గర వేలు పెట్టి తడిమితే వెల్డింగ్ గుర్తు తగులుతుంది. ఇలాంటివి కూడా బీరువాలో ఉన్నాయి.

జపాన్ టైప్ 90 హెల్మెట్ అని పెట్టినదానికి నుదుటి మీద నక్షత్రం, లోపల మూడు తోలు దిండ్లు, గడ్డం కింద నూలు నాడాలు ఉండాలి. ఇంఫాల్, కొహిమా వైపు 1944లో యుద్ధం జరిగింది కాబట్టి మన దేశంలో ఇవి దొరకడం సహజమే. ఇక్కడ పెట్టినదాని నాడాలు యూవీ టార్చి కింద నీలంగా వెలిగాయి. బట్టకు మెరుపు తెచ్చే రసాయనాలు యుద్ధం తర్వాతే దారాల్లోకి, సబ్బుల్లోకి విరివిగా వచ్చాయి. కాని ఒక్క ఈ పరీక్షతో ఉరి తీయకండి. పాత నాడాను మొన్న సర్ఫ్‌లోనో రిన్‌లోనో ముంచి ఉతికినా అలాగే వెలుగుతుంది. కుట్టుదారం కూడా వెలిగితే, అదీ తోలు దిండు కింద నీళ్లు తగలని చోట వెలిగితే అప్పుడు తీర్మానించండి. విడిపోయిన దారపు పోగు ఒకటి ఇమ్మని అడిగి బయట కాల్చి చూడటం ఇంకా గట్టి పరీక్ష. నూలు బూడిదవుతుంది, నైలాన్ ముద్దకట్టి నల్లని గింజ అవుతుంది.

తుప్పు పట్టించే విద్య గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బీరువా సరుకుకు అదే అలంకారం. బాత్రూంలు కడిగే యాసిడ్ పోసి, ఉప్పునీళ్లు చల్లి, నాలుగు రోజులు బయట పెడితే నారింజ రంగు తుప్పు దట్టంగా లేస్తుంది. అది వేలికి పొడిలా అంటుతుంది. పాత తుప్పు ముదురు గోధుమ రంగులో గట్టిగా అంటుకుని ఉంటుంది, అక్కడక్కడే ఉంటుంది, లైనర్ కింద దాగిన చోట తక్కువగా ఉంటుంది. యాసిడ్ తుప్పు లైనర్ కింద కూడా పైన ఉన్నంతే ఉంటుంది, మర గాడిలోనూ ఉంటుంది. తోలుకు టీ డికాషన్, బూట్ పాలిష్ పట్టిస్తారు. తెల్ల చేతిరుమాలుతో గట్టిగా రుద్దితే దిగిపోతుంది. వాసన కూడా చూడండి. ఎనభై ఏళ్ల తోలుకు కొత్త పాలిష్ వాసన రాదు.

హెల్మెట్ కాని సరుకు విషయంలో జాగ్రత్త ధర కోసం కాదు, ప్రాణం కోసం. బ్రిటిష్ యుద్ధకాలపు గ్యాస్ మాస్కుల వడపోత డబ్బాల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పిల్లలకు తొడిగి ఫొటో తీయడం, డబ్బా కుదిపి చూడటం అసలు వద్దు. ఇక్కడ మాత్రం వాటిని తొడుక్కుని చూసుకోమంటున్నారు, ఇది వెంటనే మానాలి. చీకట్లో వెలిగే పాత దిక్సూచుల ముళ్లకు రేడియం రంగు పూశారు. వెలుగు పోయినా రేడియో ధార్మికత పోదు, అద్దం పగిలినది కొనకండి, విప్పకండి. తూటా ఖాళీ గొట్టం అడుగున మధ్యలో చిన్న గుండ్రని మూత మీద నొక్కు పడి ఉందా చూడండి. నొక్కు లేకపోతే అది పేలలేదు. చేతి గ్రెనేడ్ అడుగు బిరడా తెరిచి లోపల ఖాళీ అని కళ్లారా చూపించకపోతే ముట్టుకోకుండా బయటికి వచ్చి పోలీసులకు చెప్పండి. బాయొనెట్లు 2016 ఆయుధ నియమాల జాబితాలో ఉన్నాయి. కొనాలనుకుంటే ముందు మీ స్టేషన్‌లో అడిగి కొనండి.

చట్టం ఇంకో వైపు నుంచి కూడా తగులుతుంది. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం కింద చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువుకు వందేళ్లు నిండితే పురావస్తువు అవుతుంది. 1916 నాటి మార్క్ 1 ఆ వయసు దాటేసింది. ఇలాంటివి విదేశంలో ఉన్న కొడుక్కో, ఆన్‌లైన్‌లో అడిగినవాడికో పార్సెల్ చేయడం కుదరదు. పురావస్తువులు వ్యాపారంగా అమ్మేవాళ్లకు లైసెన్సు కూడా ఉండాలి. ఇక్కడ మార్క్ 1 అని చెప్పి అమ్మేటప్పుడు బిల్లు మీద ‘పాత ఇనుప టోపీ 1’ అని మాత్రమే రాస్తున్నారు. ఆ బిల్లు మీకూ పనికిరాదు, రేపు మీ దగ్గర కొనేవాళ్లకూ పనికిరాదు. రకం, ముద్రలు, సంవత్సరం, తూకం, లైనర్ ఉందో లేదో రాయించుకోండి. అడిగితే రాస్తారు, అడగాలంతే. బీరువా సరుకుకు రంగురంగుల ‘సర్టిఫికెట్’ ఇస్తారు, దాని మీద సంతకం అంగడి యజమానిదే. నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటామన్న మాట నోటితో చెప్తారు, కాగితం మీద రాయరు.

కొండకు పోయే దారిలో కొనేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అలిపిరి దగ్గర బండ్లు, సామాన్లు అన్నీ తనిఖీ చేస్తారు. హెల్మెట్, గొట్టాలు, బాయొనెట్ సంచిలో పెట్టుకుని అక్కడ నిలబడితే సంజాయిషీలతోనే పొద్దుపోతుంది. దర్శనం చేసుకుని దిగొచ్చాక కొనండి. రేణిగుంటలో విమానం ఎక్కేవాళ్లు తూటా గొట్టాలు ఖాళీవైనా తీసుకోకపోవడమే మంచిది.

ఇంటికి తెచ్చాక మన ఊరి వాతావరణానికి తగ్గట్టు చూసుకోవాలి. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ, మార్చి నుంచి జూన్ దాకా నిప్పుల ఎండ. తోలు ఎండకు బిరుసెక్కి, తేమకు బూజు పడుతుంది. లోపల ముడిచిన కాగితం ఉండ పెట్టి ఆకారం నిలబెట్టండి. ఆ కాగితం ఆమ్లం లేనిదైతే మేలు, వార్తాపత్రిక వద్దు. గాలి ఆడే అరలో, గోడకు తగలకుండా పెట్టి, పక్కన సిలికా జెల్ సంచులు ఉంచి వానాకాలంలో నెలకోసారి మార్చండి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పడేస్తే లోపలే చెమ్మ పట్టి పాడవుతుంది. పొడి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, ఉక్కు భాగానికి మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పూయండి, అంతే. కొబ్బరి నూనె పూస్తే దుమ్ము పట్టి జిగటవుతుంది, రంగు నల్లబడుతుంది. బ్యాడ్జీలకు చింతపండో పీతాంబరి పొడో పెట్టి తళతళలాడించే అలవాటు పూజ సామాన్లకు సరే, వీటికి వద్దు. ఇత్తడి మీది ముదురు పొర పోతే ధర సగానికి పడుతుంది, తిరిగి రాదు. మళ్లీ రంగు వేయించడం అన్నింటికంటే పెద్ద తప్పు.

పొద్దున పది లోపు వెళ్తే అంగడి ఖాళీగా ఉంటుంది, కింది అర మొత్తం కిందికి దించి చూసుకోనిస్తారు. సాయంత్రమైతే యాత్రికుల గుంపు, యజమాని బీరువా దగ్గరే ఉంటాడు. “ఇది మామూలు టోపీ కాదు సామీ, హిట్లర్ సైన్యానిది” అన్న పాట అప్పుడే వినబడుతుంది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, ఎదురు వీధిలో పెట్టుకోవాలి. డబ్బు ఫోన్‌పేలో తీసుకుంటారు. కొత్త మూట వచ్చినప్పుడు చెప్పమని మీ నంబరు ఇచ్చి రండి. కడగకుండా, రంగు వేయకుండా ఉంచమని కూడా చెప్పండి, ఎందుకంటే లోపల ఒక మూలన తెరిచిన ఆకుపచ్చ రంగు డబ్బా, తడి కుంచె కనబడుతున్నాయి.